పెళ్లి లైవ్‌లో ఎఫ్‌ఈసీ పెట్టాక బొమ్మ ఇంకా ఎక్కువ ఎందుకు పగిలింది?

అడిగిన సంగతి క్లుప్తంగా: నర్సంపేటలో ఫొటో స్టూడియోతో పాటు లైవ్ పనులు చేసే తమ్ముడు. ములుగు దగ్గర ఒక ఫంక్షన్ హాల్‌లో పెళ్లి. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్), 4జీ డాంగిల్, అక్కడి నుంచి ఎస్‌ఆర్‌టీ అనే వీడియో పంపే పద్ధతిలో ముంబైలోని అద్దె సర్వర్‌కు, సర్వర్ నుంచి యూట్యూబ్‌కు. 1080పీ, సెకనుకు 6 మెగాబిట్లు. ఎస్‌ఆర్‌టీ అడ్రస్‌లో లేటెన్సీ, అంటే పోయిన ముక్క కోసం ఆగే గడువు, 2000 అని రాశాడు. సర్వర్ వైపు ఏమీ మార్చలేదు. పొద్దున స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ 12 మెగాబిట్లు వచ్చింది. అయినా జీలకర్ర బెల్లం టైముకు బొమ్మ గళ్లు గళ్లుగా పగిలి ఆగిపోయింది. రిసెప్షన్ రోజు దోస్తు దగ్గర ఎన్‌కోడర్ బాక్స్ (ల్యాప్‌టాప్ లేకుండా లైవ్ పంపే పెట్టె) తెచ్చి, అందులో ఎఫ్‌ఈసీ (పోయిన ముక్కలను తిరిగి కట్టుకోవడానికి ముందే అదనపు ముక్కలు కలిపి పంపే పద్ధతి) ఆన్ చేశాడు: 10 నిలువు వరుసలు, 5 అడ్డ వరుసలు. లేటెన్సీ బాక్స్‌తో వచ్చిన 120 అలాగే ఉంచాడు. ఆ రోజు ఇంకా పాడైంది. "ఎఫ్‌ఈసీ అంటే ఎర్రర్లు సరిచేసేది కదా అన్నా, మరి ఎక్కువ ఎందుకైంది? ఇంకోటి, అమెరికాలో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో ఆశీర్వదిస్తామంటే దానికీ ఇవే సెట్టింగులా?"

తమ్మీ, ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. ఇందులో తప్పు ఎఫ్‌ఈసీది కాదు, దాన్ని పెట్టిన తీరుది. పెళ్లి రోజు నువ్వు పెట్టాననుకున్న రెండు సెకన్ల గడువు అసలు పడనే లేదు. రిసెప్షన్ రోజు ఉన్న కాస్త గడువునూ ఎఫ్‌ఈసీ తినేసింది. పైగా అప్పటికే నిండిపోయిన అప్‌లోడ్ మీద ఇంకో 30 శాతం బరువు వేసింది.

మొదటిది చూద్దాం. ఓబీఎస్‌లో ఎస్‌ఆర్‌టీ అడ్రస్ చివర రాసే లేటెన్సీ మైక్రోసెకన్లలో ఉంటుంది. బాక్సుల మెనూల్లో, సర్వర్ సాఫ్ట్‌వేర్లలో మాత్రం మామూలుగా మిల్లీసెకన్లు. కాబట్టి నువ్వు రాసిన 2000 అంటే రెండు సెకన్లు కాదు, రెండు మిల్లీసెకన్లు. ఎస్‌ఆర్‌టీ కనెక్షన్ కలిసేటప్పుడు రెండు వైపుల అంకెలనూ చూసి, ఏది పెద్దదైతే దాన్ని ఖాయం చేసుకుంటుంది. సర్వర్ వైపు నువ్వు ముట్టుకోలేదు గనక అక్కడ మామూలుగా ఉండే 120 మిల్లీసెకన్లే ఖాయమైంది. ఈ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. ఓబీఎస్‌లో రెండు సెకన్లు కావాలంటే 2000000 రాయాలి. ఇరవై లక్షలు. చూడ్డానికి ఎంత వింతగా ఉన్నా అదే సరైన అంకె.

ఆ 120 చేసే పని ఏమిటో తెలిస్తే మిగతాదంతా దానంతట అదే విడిపోతుంది. ఎస్‌ఆర్‌టీ వీడియోను ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా చేసి, చేరిందో లేదో తాను చూసుకోని యూడీపీ అనే పద్ధతి మీద పంపుతుంది. ప్రతి ప్యాకెట్‌కూ వరుస నంబర్ ఉంటుంది. 501 తర్వాత 503 వస్తే, 502 పోయిందని సర్వర్‌కు తెలిసిపోతుంది. వెంటనే "502 మళ్లీ పంపు" అని కబురు పెడుతుంది, నీ ల్యాప్‌టాప్ మళ్లీ పంపుతుంది. ఈ పద్ధతినే ఏఆర్‌క్యూ అంటాం. కబురు పోయి ప్యాకెట్ రావడానికి ఒక రానూపోనూ టైము పడుతుంది. లేటెన్సీ అంటే ఆ ప్యాకెట్ కోసం సర్వర్ ఆగే గడువు. గడువు లోపల వస్తే చూసేవాళ్లకు పోయిన సంగతే తెలియదు. రాకపోతే దాన్ని వదిలేసి ముందుకు పోతుంది, అక్కడ బొమ్మ పగులుతుంది.

హాల్ ఖాళీగా ఉన్నప్పుడు నీ డాంగిల్ నుంచి ముంబైకి రానూపోనూ 60 మిల్లీసెకన్లు అనుకుందాం. 120లో ఒక అవకాశం, మహా అయితే రెండు. జనం నిండాక అదే 200, 300 అవుతుంది. అప్పుడు ఒక్క అవకాశం కూడా లేదు. మళ్లీ పంపిన ప్యాకెట్ వచ్చేసరికే గడువు దాటిపోయి ఉంటుంది. అంటే పెళ్లి రోజు నీ స్ట్రీమ్‌కు ఏ రక్షణా లేనట్టే. ఎస్‌ఆర్‌టీ వాడేవాళ్లు సాధారణంగా లేటెన్సీని రానూపోనూ టైముకు నాలుగింతలు పెట్టుకోమంటారు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఆ నాలుగింతలను ఖాళీ హాల్ అంకె మీద కాదు, జనం ఉన్నప్పటి అంకె మీద లెక్కకట్టాలి. పెళ్లి లైవ్‌కు నేనైతే ఆలోచించకుండా మూడు సెకన్లు పెడతాను. యూట్యూబ్‌లో చూసే చుట్టం ఎలాగూ కొన్ని సెకన్ల వెనకే ఉంటాడు. తాళి కట్టడం ఇంకో మూడు సెకన్లు ఆలస్యంగా చూసినందుకు డాలస్‌లో ఎవరూ ఫోన్ చేసి తిట్టరు. బొమ్మ ఆగిపోతే మాత్రం పెళ్లికొడుకు మేనమామతో సహా అందరూ చేస్తారు.

ఇప్పుడు ఎఫ్‌ఈసీ సంగతి. ఎనుమాముల మార్కెట్‌లో రైతుకిచ్చే తక్‌పట్టీ చూసే ఉంటావు. బస్తాల తూకాలు ఒకదాని కింద ఒకటి రాసి చివర మొత్తం వేస్తారు. చినుకు పడి ఒక బస్తా అంకె చెరిగినా ఫరవాలేదు. మొత్తంలోంచి మిగతావి తీసేస్తే పోయిన అంకె దొరుకుతుంది. రెండు చెరిగితే మాత్రం ఏ బస్తా ఎంతో ఎవరూ చెప్పలేరు. ఎఫ్‌ఈసీ ప్యాకెట్ ఆ మొత్తం లాంటిదే. కూడికకు బదులు ఎక్స్‌ఓఆర్ అనే బిట్ల లెక్క చేస్తారు, అంతే తేడా.

నువ్వు పెట్టిన 10, 5 ఇలా పనిచేస్తుంది. 50 ప్యాకెట్లను వరుసకు 10 చొప్పున 5 అడ్డ వరుసల్లో పేరుస్తారు. ప్రతి అడ్డ వరుసకు ఒక ఎఫ్‌ఈసీ ప్యాకెట్, ప్రతి నిలువు వరుసకు ఒకటి. మొత్తం 15 అదనం. 50కి 15 అంటే 30 శాతం. నీ 6 మెగాబిట్లు 7.8 అయ్యాయి. నిలువు వరుసలు ఎందుకంటే, మొబైల్‌లో ప్యాకెట్లు అక్కడొకటి ఇక్కడొకటిగా పోవు, గుంపుగా పోతాయి. 1, 11, 21, 31, 41 నంబర్లు ఒక నిలువు వరుసలో ఉంటాయి కాబట్టి, వరసగా 10 పోయినా ఒక్కో నిలువు వరుసలో పోయేది ఒక్కటే. వెనక్కి తెచ్చుకోవచ్చు. వరసగా 20 పోతే ప్రతి నిలువు వరుసలో రెండేసి పోయినట్టు. అక్కడితో దాని పని అయిపోయింది.

ఇక ఆ పది ఎంతసేపు? ఎస్‌ఆర్‌టీలో ఒక ప్యాకెట్‌కు మామూలుగా 1316 బైట్లు, అంటే 188 బైట్ల టీఎస్ అనే చిన్న వీడియో ప్యాకెట్లు ఏడు. బిట్లలో 10,528. సెకనుకు 60 లక్షల బిట్లు పంపితే దాదాపు 570 ప్యాకెట్లు. పది ప్యాకెట్లంటే సుమారు 17 మిల్లీసెకన్లు. టవర్ నీ డాంగిల్‌ను ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కు మార్చినా, గుంపులో నీ వంతు రావడం ఆలస్యమైనా పోయేది 17 మిల్లీసెకన్లు కాదు. 200 మిల్లీసెకన్ల గండి పడిందనుకో, 114 ప్యాకెట్లు ఒకేసారి గల్లంతు. దాన్ని ఎఫ్‌ఈసీతో పూడ్చాలంటే నిలువు వరుసలు కనీసం 114 కావాలి. 5 అడ్డ వరుసలతో అది 570 ప్యాకెట్ల పట్టిక, అంటే పట్టిక నిండడానికే ఒక సెకను. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించు. ఆ ఒక్క సెకను ఆగే ఓపికే ఉంటే, ఏఆర్‌క్యూ అదే సెకనులో పోయిన ప్యాకెట్లను నాలుగైదు సార్లు అడిగి తెప్పించుకోగలదు. అదీ పోయినవాటికి మాత్రమే ఖర్చు పెట్టి. ఎఫ్‌ఈసీ ఏమీ పోని నిమిషాల్లో కూడా అదనపు ప్యాకెట్లు మోస్తూనే ఉంటుంది.

పెళ్లి రోజుకంటే రిసెప్షన్ రోజు ఎక్కువ పాడవడానికి అసలు కారణం దీని వెనకే ఉంది. ఎస్‌ఆర్‌టీలో ఎఫ్‌ఈసీ ఆన్ చేస్తే, మళ్లీ పంపమని అడిగే పద్ధతికి మూడు రకాల సెట్టింగులు ఉంటాయి: ఎప్పుడూ అడగడం, అవసరమైతేనే అడగడం, అసలు అడగకపోవడం. మామూలుగా ఉండేది రెండోది. అంటే ప్యాకెట్ పోగానే సర్వర్ అడగదు. ఎఫ్‌ఈసీతో దొరుకుతుందేమో చూసి, దొరకదని తేలాకే అడుగుతుంది. నీ 50 ప్యాకెట్ల పట్టిక నిండడానికి పట్టేది 88 మిల్లీసెకన్ల దాకా. గడువు 120. అది తేలేసరికి మిగిలింది 30 మిల్లీసెకన్ల చిల్లర. ముంబైకి పోయి రావడానికే 60 కావాలి. పెళ్లి రోజు అప్పుడప్పుడైనా దొరికిన ఒక్క అవకాశం కూడా రిసెప్షన్ రోజు పోయింది. దానికి తోడు 7.8 మెగాబిట్ల బరువు. ఇంక బొమ్మ నిలబడితేనే ఆశ్చర్యం.

"మరి సిగ్నల్ ఫుల్‌గా ఉంటే ప్యాకెట్లు ఎందుకు పోతాయి" అన్నది చాలామందికి పట్టుబడని సంగతి. గాలిలో తప్పులు జరగడం వల్లే వీడియో పగులుతుందనుకుంటారు. 4జీలో గాలిలో తప్పులు జరుగుతూనే ఉంటాయి, కానీ అవి నీ దాకా రావు. మొదటిసారి పంపిన బ్లాకుల్లో పదింట ఒకటి దాకా చెడినా సరేననుకునే లెక్కతోనే ఆ వ్యవస్థను నడుపుతారు. ప్రతి బ్లాకుకూ తప్పులు సరిదిద్దే టర్బో కోడ్ ఉంటుంది, 5జీలో దాని స్థానంలో ఎల్‌డీపీసీ అనే కోడ్. బ్లాకు చెడితే కొన్ని మిల్లీసెకన్లలోనే మళ్లీ పంపిస్తారు, అదీ పాత చెడిన ముక్కను పారేయకుండా కొత్తదానితో కలిపి చదువుతారు. దాని పేరు హార్క్. అదీ తప్పితే పైన ఇంకో పొర మళ్లీ అడుగుతుంది. ఇవన్నీ దాటి చెడిన ప్యాకెట్ నీ సర్వర్‌కు చేరడం దాదాపు జరగదు. చేరేది పూర్తి ప్యాకెట్, లేకపోతే ఖాళీ. బిట్లు తారుమారు కావడం అనే సమస్య మన దాకా వచ్చేసరికి ప్యాకెట్ లేకపోవడం అనే సమస్యగా మారిపోతుంది. ఒక రకంగా అదే నయం. ఏది పోయిందో వరుస నంబర్ చెప్పేస్తుంది, వెతకనక్కర్లేదు. 1960లో రీడ్, సాలమన్ చెప్పిన కోడ్‌నే చూడు. మొదటి తరం డీవీబీ డిజిటల్ టీవీ ప్రసారాల్లో 188 బైట్లకు 16 బైట్లు కలిపి 204 చేస్తారు. ఎక్కడ చెడిందో తెలియకపోతే 8 బైట్లే సరిచేయగలదు. చోటు తెలిస్తే అవే 16 బైట్లతో 16 సరిచేయగలదు.

మరి ప్యాకెట్ ఎక్కడ మాయమవుతోంది? ఎక్కువసార్లు నీ డాంగిల్ లోపలే. అప్‌లోడ్‌కు దొరికే చోటు 6 కంటే తగ్గిన క్షణం నుంచి ప్యాకెట్లు డాంగిల్ బఫర్‌లో పోగవుతాయి. ముందు రానూపోనూ టైము పెరుగుతుంది, 60 నుంచి 200, 500. బఫర్ నిండాక కొత్తగా వచ్చినవాటిని పారేస్తుంది. ఇది ఎర్రర్ కాదు, ఇరుకు. ఇరుకు దారిలో అదనపు ప్యాకెట్లు పంపి రక్షణ అనుకోవడమే అసలు పొరపాటు. ఎఫ్‌ఈసీ పెట్టాలనుకుంటే ముందు వీడియో బిట్‌రేట్ (సెకనుకు పంపే బిట్లు) తగ్గించి, ఆ మిగిలిన చోటులో ఎఫ్‌ఈసీని కూర్చోబెట్టాలి. పైన కలపకూడదు.

సిగ్నల్ గీతల గురించి ఒక మాట. ఆ గీతలు టవర్ మాట నీకు ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయి. నీ మాట టవర్‌కు ఎలా వినిపిస్తోందో చెప్పవు. టవర్ పదుల వాట్లతో పంపుతుంది. నీ డాంగిల్ గరిష్ఠంగా పంపేది 200 మిల్లీవాట్లు. రేకుల కప్పు ఉన్న హాల్ మధ్యలో, డీజే స్పీకర్ల పక్కన ల్యాప్‌టాప్‌కు గుచ్చిన డాంగిల్ ఆ 200తో గోడలు దాటి అరవాలి. కిటికీ దగ్గరకు జరిపితేనే పరిస్థితి ఎంత మారుతుందో చూస్తే ఆశ్చర్యపోతావు. డాంగిల్ బదులు సిమ్ వేసే చిన్న రౌటర్ తీసుకుని, హాల్ బయట పందిరి గుంజకు కట్టి, లోపలికి లాన్ కేబుల్ లాగు. యూఎస్‌బీ కేబుల్ పొడవు పెంచితే తంటా, లాన్ కేబుల్‌కు ఆ బాధ లేదు. రౌటర్ పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని టవర్ సిగ్నల్ బలం చెప్పే ఒక అంకె ఉంటుంది. మైనస్ 90 లోపు (మైనస్ 80 లాంటిది) ఉంటే హాయి, మైనస్ 110 దాటితే అప్‌లోడ్ మీద ఆశ పెట్టుకోకు. గీతలు చూడకు, ఆ అంకె చూడు. ఇంకోటి, 2300 బ్యాండ్ లాంటి టీడీడీ బ్యాండ్లలో ఒకే దారిని డౌన్‌లోడ్, అప్‌లోడ్ వంతులవారీగా వాడుకుంటాయి, అందులో ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌దే. రౌటర్‌లో బ్యాండ్ ఎంచుకునే వీలుంటే 1800ని కూడా ప్రయత్నించి ఏది నిలకడగా ఉందో చూసుకో.

పొద్దున వచ్చిన 12ని నమ్మకు. స్పీడ్ టెస్ట్ ఒకేసారి ఎన్నో కనెక్షన్లు తెరిచి, కొద్ది సెకన్లు, ఖాళీ టవర్ మీద కొలిచిన అంకె అది. బరాత్ వచ్చే టైముకు అదే టవర్ మీద వందల ఫోన్లు, అందరూ స్టేటస్‌లు పెడుతుంటారు, అందరిదీ అప్‌లోడే. ముందు రోజు సాయంత్రం, ఇంకో పెళ్లి జరుగుతున్నప్పుడు అదే హాల్‌లో కొలిచే వీలుంటే అది పనికొచ్చే అంకె. అప్పుడు వచ్చిన దాంట్లో సగమే వాడు. నీ విషయంలో నేనైతే 720పీ, 2.5 నుంచి 3 మెగాబిట్లు పెడతాను. ఫోన్‌లో చూసే చుట్టాలకు 1080కీ 720కీ తేడా తెలియదు. పెళ్లివాళ్లకు ఇవ్వాల్సిన మంచి కాపీ ఎలాగూ కెమెరా కార్డులోనే రికార్డవుతుంది. ఎస్‌ఆర్‌టీ కూడా మళ్లీ పంపే ప్యాకెట్ల కోసం మామూలుగా 25 శాతం అదనపు చోటు లెక్కలో పెట్టుకుంటుంది. ఆ చోటు నిజంగా ఉండాలి కదా.

ఓబీఎస్‌లో ఇంకో చిన్న పని ఉంది. కీఫ్రేమ్ అంటే వేరే ఫ్రేము సాయం లేకుండా పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము. కీఫ్రేమ్ ఇంటర్వెల్ ఆటోలో వదిలేస్తే ఎక్స్264 ఎన్‌కోడర్ 250 ఫ్రేములకొక కీఫ్రేమ్ దాకా పోతుంది. సెకనుకు 25 ఫ్రేములైతే పది సెకన్లు. మధ్యలో ఒక ప్యాకెట్ పోతే, ఆ తర్వాతి ఫ్రేములన్నీ పాత ఫ్రేము మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి ఆ మరక తర్వాతి కీఫ్రేమ్ దాకా పాకుతూనే ఉంటుంది. జీలకర్ర బెల్లం అంతా కలిపి ఎంతసేపు? 2 సెకన్లు పెట్టు, యూట్యూబ్ అడిగేదీ అదే. ఒక సెకనుకు తగ్గించకు. కీఫ్రేమ్ మామూలు ఫ్రేముకు ఎన్నో రెట్లు పెద్దది, సెకనుకొకటి వస్తే అదే అప్‌లోడ్‌ను కుదిపేస్తుంది. కీఫ్రేమ్‌ను ముక్కలు చేసి అన్ని ఫ్రేముల్లోకి పంచే ఇంట్రా రిఫ్రెష్ అనే పద్ధతి ఒకటుంది, ఎదురుగా మాట్లాడే కాల్స్‌కు బాగుంటుంది. యూట్యూబ్‌కు పంపేదానికి మాత్రం అసలైన కీఫ్రేములే కావాలి, అక్కడ దాని జోలికి పోకు.

బొమ్మ కంటే ముందు నిలబడాల్సింది శబ్దం. మంత్రాలు, సన్నాయి వినిపిస్తూ బొమ్మ అర సెకను ఆగితే చూసేవాళ్లు ఓర్చుకుంటారు. శబ్దం తెగితే వెంటనే ఫోన్ చేస్తారు. ముఖ్యమైన ముక్కలకు ఎక్కువ రక్షణ, మిగతావాటికి తక్కువ అనే ఆలోచన పాతదే. కాల్స్ లాంటివాటికి వాడే ఆర్‌టీపీ పద్ధతి మీద నడిచే యూఎల్‌పీఎఫ్‌ఈసీ అనే ఎఫ్‌ఈసీ రకం అందుకోసమే పుట్టింది. కానీ ఎస్‌ఆర్‌టీకి ఏ ప్యాకెట్‌లో శబ్దం ఉందో, ఏది కీఫ్రేమో తెలియదు. అన్నీ ఒకటే దానికి. అందుకే వీడియోను తగ్గించి మొత్తం స్ట్రీమ్‌ను తేలిక చేయడమే శబ్దానికి నువ్వు ఇవ్వగల రక్షణ. శబ్దాన్ని 128 కిలోబిట్లకు తగ్గించి మిగుల్చుకునేది ఏమీ లేదు, దాన్ని ముట్టుకోకు. పరిశోధన పత్రాల్లో ఇంకా చాలా ఉన్నాయి, పొరలు పొరలుగా కోడింగ్, ఒకే వీడియోను రెండు వర్ణనలుగా పంపడం, హెచ్.264లోని ఫ్రేము ముక్కలను చెదరగొట్టి పేర్చే పద్ధతి. ఇంజనీరింగ్ ప్రాజెక్టుకు మంచివే. నీ ఓబీఎస్‌లో వాటి బటన్ ఉండదు, వదిలెయ్.

అదనపు ప్యాకెట్లు నిజంగా గిట్టుబాటయ్యే చోటు ఒకటుంది. అవి వేరే దారిలో వెళ్లినప్పుడు. ఒకే సిమ్ మీద 30 శాతం అదనం పంపితే గండి పడ్డప్పుడు అసలు, అదనం రెండూ కలిసే పోతాయి. రెండు కంపెనీల సిమ్‌ల మీద అదే స్ట్రీమ్‌ను రెండుసార్లు పంపితే ఖర్చు 100 శాతం, కానీ రెండింటికీ ఒకే క్షణంలో గండి పడటం అరుదు. ఎస్‌ఆర్‌టీలోనే ఇలా రెండు దారుల్లో పంపే బ్రాడ్‌కాస్ట్ పద్ధతి ఉంది. ప్యాకెట్లను రెండు సిమ్‌లకూ పంచుతూ, ఒకదాంట్లో పోయినదాన్ని రెండోదాంట్లోంచి తెప్పించుకునే బెలాబాక్స్ లాంటి ఓపెన్ సోర్స్ పరికరాలూ ఉన్నాయి. ఖర్చు తక్కువలో చేయాలంటే రెండోదే మేలు. ఒక్కటి గుర్తు పెట్టుకో: సిమ్‌లు రెండైనా టవర్ ఒక్కటే కావచ్చు. మన దగ్గర ఒకే గుంజకు ఇద్దరు ముగ్గురు ఆపరేటర్ల పెట్టెలు ఉండటం మామూలే. అక్కడ కరెంట్ పోయి బ్యాటరీ దిగితే రెండు సిమ్‌లూ ఒకేసారి పడుకుంటాయి. పని ఒప్పుకునే ముందే ఆ ఊళ్లో ఎవరి టవర్ ఎక్కడుందో తిరిగి చూసుకో.

ఇన్ని చేసినా కొన్ని చోట్ల కుదరదు. మేడారం జాతర అలాంటిదే. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి అడవిలో అంత జనం చేరినప్పుడు, ఆపరేటర్లు చక్రాల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి పెట్టినా సమ్మక్క గద్దె మీదికి వచ్చే వేళకు అప్‌లోడ్ దొరకడమే గగనం. అక్కడ నీ స్ట్రీమ్‌లో ఎర్రర్లు లేవు, చోటే లేదు. లేని చోటును ఏ కోడూ పుట్టించలేదు. అలాంటి పనికి వెళితే 480పీ, 800 కిలోబిట్లకు దిగు, లేటెన్సీ ఐదు సెకన్లకు పెంచు, లేదా అక్కడ వైరు లైన్ ఉన్నవాళ్లతో ముందే మాట్లాడుకో. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు దారి పొడవునా నడుస్తూ లైవ్ ఇస్తామని మాటివ్వకు. ఆ దారిలో సిగ్నల్ తెగే చోట్లు ఉన్నాయి, అక్కడ గండి మిల్లీసెకన్లలో ఉండదు.

ఇక వీడియో కాల్‌లో ఆశీర్వాదం. అక్కడ లెక్క మొత్తం తిరగబడుతుంది. ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయిగా ఉంటుందని టెలిఫోన్ ప్రమాణాలు చెబుతాయి. ఇక్కడి నుంచి అమెరికాకు రానూపోనూ పావు సెకను అటూ ఇటూ. పోయిన ప్యాకెట్‌ను అడిగి తెప్పించుకునేసరికి ఆ మాట వినాల్సిన క్షణం దాటిపోతుంది. మూడు సెకన్ల లేటెన్సీ పెడితే "అన్నయ్యా వినిపిస్తోందా" అని ఇక్కడ, "ఆఁ, వినిపిస్తోంది" అని అక్కడ, ఒకరి మాట మీద ఒకరు పడుతూనే ఉంటారు. ఎఫ్‌ఈసీ నిజంగా తన కూలి తాను సంపాదించుకునేది ఇలాంటి చోట. వాట్సాప్, గూగుల్ మీట్ లాంటివి నువ్వు చెప్పకుండానే ఇవన్నీ చూసుకుంటాయి. బ్రౌజర్ కాల్స్ నడిచే వెబ్‌ఆర్‌టీసీ అనే పద్ధతిలో రానూపోనూ తక్కువగా ఉంటే మళ్లీ అడగడం మీద, ఎక్కువగా ఉంటే ఎఫ్‌ఈసీ మీద మొగ్గే ఏర్పాటు ఉంది. శబ్దానికి వాడే ఓపస్ కోడెక్ అయితే, కావాలంటే ప్రతి ప్యాకెట్‌లో ముందు ప్యాకెట్ శబ్దం నకలును తక్కువ నాణ్యతతో వెంట పెట్టి పంపగలదు. ఒకటి పోతే తర్వాతి దాంట్లోంచి వినిపిస్తుంది. వరసగా రెండు మూడు పోతే అదీ చాలదు, అందుకే కాల్‌లో ఒక్కోసారి మాట ముద్దగా వస్తుంది.

అడగడానికి వెనక్కి దారే లేని చోట కూడా ఎఫ్‌ఈసీ ఒక్కటే గతి. డీటీహెచ్ ఉపగ్రహాన్ని "మళ్లీ పంపు" అని మీ ఇంటి డిష్ అడగలేదు. లక్షల ఇళ్లు అడిగితే అది పంపలేదు కూడా. మొబైల్‌లో ఒకే ప్రసారాన్ని అందరికీ పంపే ఎంబీఎంఎస్ కోసం రాప్టర్ కోడ్లు అనే ఎఫ్‌ఈసీ రకం తీసుకున్నది అందుకే. నీ పెళ్లి లైవ్‌లో ముంబై నుంచి చూసేవాళ్ల దాకా ఉన్న భాగం మాత్రం మామూలు వెబ్ పద్ధతిలోనే పోతుంది. అక్కడ పోయిన ప్యాకెట్‌ను కింది పొరే తెప్పిస్తుంది, ఆలస్యమైతే గుండ్రం తిరుగుతుంది గానీ గళ్లు పడవు. చూసేవాళ్ల దగ్గర గళ్లు కనిపించాయంటే తప్పు దాదాపు ఎప్పుడూ హాల్‌కూ ముంబైకీ మధ్యే అని తెలుసుకో.

కాల్ చేసే ఫోన్‌ను లైవ్ నడిచే రౌటర్ వైఫైకి కలపకు. వేరే సిమ్, వేరే ఫోన్. లేకపోతే మేనమామ ఆశీర్వాదం నీ లైవ్ అప్‌లోడ్‌తో పోట్లాడుతుంది.

తర్వాతి పనికి ఎఫ్‌ఈసీ ఆపేసి, ఓబీఎస్‌లో లేటెన్సీ 3000000, 720పీ, 2.5 మెగాబిట్లు, కీఫ్రేమ్ 2 పెట్టి మొదలుపెట్టు. సర్వర్ వైపు ఎస్‌ఆర్‌టీ లెక్కల్లో మూడు అంకెలు ఉంటాయి: రానూపోనూ టైము, పోయిన ప్యాకెట్లు, వదిలేసిన ప్యాకెట్లు. పోయినవి వేలల్లో ఉన్నా వదిలేసినవి సున్నా అయితే రక్షణ పనిచేస్తోంది, కంగారు పడి ఏదీ మార్చకు. వదిలేసినవి పెరుగుతూ రానూపోనూ స్థిరంగా ఉంటే లేటెన్సీ పెంచు. రానూపోనూ టైమే ఎక్కుతూ పోతుంటే అది ఇరుకు, లేటెన్సీ జోలికి పోకుండా బిట్‌రేట్ తగ్గించు. లైవ్ నడుస్తున్నప్పుడు మొబైల్‌లో ఆ పేజీ తెరిచి ఒక మనిషిని కూర్చోబెట్టు. భోజనాల టైములో, అంటే జనం అంతా ఫోన్లు తీసే టైములో ఆ మూడు అంకెలూ రాసుకుని ఇక్కడ పెట్టు, దాన్నిబట్టి రెండో సిమ్ ఖర్చు అవసరమో కాదో చూద్దాం.